అమ్మలూ, ఆ ఫోటోలో బోటు ముక్కు ఎందుకంత పైకి లేచింది

అమ్మలూ,

ఎలా ఉన్నావు తల్లీ. ఇక్కడ అందరం బానే ఉన్నాం, నాన్న భుజం సంగతి మామూలే, కొత్తగా చెప్పడానికి ఏం లేదు. నువ్వు ఫోన్ చేసి 22 రోజులైంది. లెక్కపెట్టుకుని కూర్చున్నానని కాదు, క్యాలెండర్ ఎదురుగా ఉంటుంది కదా, కనపడింది. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నావు, పనిలో ఉన్నావేమో అనుకున్నాను. మాట్లాడటానికి టైమ్ లేకపోయినా చదవడానికి ఉంటుంది కదా అని రాస్తున్నాను. పెద్ద విషయమేం లేదు, నీ బోటు గురించి నాలుగు మాటలు చెబుదామని, అంతే.

పిన్ని నిన్న ఏదో అంది, వీడియో కాల్‌లో నీ చేతికి కట్టు కనపడిందని, అడిగితే తలుపులో నలిగిందన్నావని. పిన్ని మాటలు నేను అంతగా పట్టించుకోను, నీకు తెలుసుగా. సరే అది వదిలేయ్.

నువ్వు పంపిన ఫోటో మాత్రం చాలాసార్లు చూశాను. అదే, పక్క బోటులోంచి ఎవరో తీసింది. బోటు చక్కగా ఉంది, చిన్న క్యాబిన్, ముందు ఇద్దరు పడుకునే చోటు, వెనక తగిలించిన అవుట్‌బోర్డ్ ఇంజన్, సరిగ్గా మన పాత తెల్ల బోటు సైజు. నువ్వు నవ్వుతున్నావు, చూసి ఎంత సంతోషమేసిందో. నాన్నకి చూపిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి ఒకటే మాట అన్నారు, "ముక్కు చూడు" అని. నేనూ అదే చూశాను. బోటు ముక్కు ఆకాశంలోకి లేచి ఉంది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోయి ఉంది, అలా ఉన్నప్పుడు స్టీరింగ్ దగ్గర నిలబడిన నీకు ముందు నీళ్లు కనపడవు తల్లీ, నీ బోటు ముక్కే కనపడుతుంది. దాని అవతల ఈతగాడు ఉన్నా, తేలుతున్న దుంగ ఉన్నా, చిన్న పడవ ఉన్నా తెలీదు. 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమాలున్నాయి కదా, పడవలూ ఓడలూ ఢీకొనకుండా, అందులో 5వ నియమం ఎప్పుడూ కంటితోనూ చెవితోనూ కాపలా కాయమనే, అది పెద్ద ఓడలకే కాదు, నీకూ వర్తిస్తుంది.

అది ఎందుకలా అవుతుందో చెబుతా, నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతా. నీటిలో బోటు పొడవు 20 అడుగులుంటే సుమారు 6 నాట్ల దాకా అది నీళ్లని పక్కకి తోసుకుంటూ హాయిగా పోతుంది, అంటే గంటకి 11 కిలోమీటర్లు. అక్కడి నుంచి థ్రాటిల్, అదే ఇంజన్ వేగం పెంచే పిడి, పెంచితే తన ముందు అల మీదికి తానే ఎక్కడానికి అవస్థపడుతుంది, ముక్కు లేస్తుంది, వెనక కుంగుతుంది, పెట్రోలు తాగేస్తుంది, వెనకాల పెద్ద అల లేపి అందరి చేతా తిట్టిస్తుంది. ఇంకా వేగం అందుకుంటే నీళ్ల మీదికి ఎక్కి జారడం మొదలుపెడుతుంది, ముక్కు మళ్లీ దిగుతుంది. మధ్యలో ఉండే ఆ గట్టు దగ్గర మాత్రం ఆగకూడదు. అయితే మెల్లగా పో, లేకపోతే ఒకేసారి గట్టు దాటు. నీ ఫోటో సరిగ్గా ఆ గట్టు మీద తీసింది.

గట్టు దాటేముందు ఇంజన్ ట్రిమ్, అంటే ఇంజన్ వాలు, పూర్తిగా లోపలికి తెచ్చుకో, ట్యాబులు, అవే బోటు వెనక అడుగున రెండు పక్కలా ఉండే రేకులు, కిందికి దించుకో, అప్పుడు వెనక భాగం లేచి ముక్కు దిగుతుంది. నీళ్ల మీదికి ఎక్కాక ట్యాబులు కొద్దికొద్దిగా ఎత్తేసి, ఇంజన్‌ని కొంచెం కొంచెం బయటికి ట్రిమ్ చెయ్. స్టీరింగ్ తేలికవుతుంది, అదే థ్రాటిల్‌కి వేగం కాస్త పెరుగుతుంది, ఆ చోటు చేతికి తెలిసిపోతుంది. ఇంకా బయటికి పోతే ముక్కు గుర్రంలా పైకీ కిందకీ ఎగరడం మొదలుపెడుతుంది, ప్రొపెల్లర్ గాలి పట్టి ఇంజన్ ఒక్కసారి అరుస్తుంది, ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే వేగం, పెరుగుతుంది కానీ బోటు పోదు. అప్పుడు భయపడక్కర్లేదు, కాస్త లోపలికి తెచ్చుకుంటే చాలు. ట్యాబు స్విచ్ మాత్రం పట్టుకుని నొక్కి ఉంచకు. ఒక్క క్షణం నొక్కు, వదిలేయ్, బోటు ఏం చెబుతుందో రెండు మూడు క్షణాలు ఆగి చూడు, మళ్లీ నొక్కు. చిన్నప్పుడు లిఫ్ట్ బటన్ టకటకా నొక్కేదానివి, అందుకే చెబుతున్నా.

ఇంకోటి, ఫోటోలో బోటు ఎడమ పక్కకి ఒరిగి ఉంది, నీతో ఉన్న ముగ్గురూ ఆ పక్కనే కూర్చున్నారు కాబట్టి. ముందు మనుషుల్ని సర్దు, ట్యాబుల సంగతి తర్వాత. మనుషులు సర్దుకున్నాక కూడా ఒరిగితే ఎడమ ట్యాబు దించితే ఎడమ పక్క లేస్తుంది. కానీ కొన్ని బోట్లలో స్విచ్‌లు అడ్డంగా కలిపి ఉంటాయి, ఎడమ స్విచ్ నొక్కితే కుడి ట్యాబు కదులుతుంది, ఎందుకంటే అక్కడ స్విచ్ ముక్కు గురించి మాట్లాడుతుంది, ఎడమ ముక్కు దిగాలంటే కుడి వెనక లేవాలి. నీది ఏ రకమో ఒడ్డున కట్టి ఉన్నప్పుడే ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు వెనక నిలబడి చూసి తెలుసుకోండి. నీళ్ల ట్యాంకు ముందు పరుపు కింద ఉంటే, 100 లీటర్లంటే 100 కిలోలు, నిండుగా ఉన్నరోజు ఒకలా ఖాళీగా ఉన్నరోజు ఒకలా నడుస్తుంది, నిన్నటి ట్రిమ్ ఇవాళ పనికిరాదు. పక్కగాలి ఉంటే బోటు గాలి వచ్చే వైపుకే ఒరుగుతుంది, వింతగా ఉంటుంది కానీ నిజం, నువ్వు గాలికి ఎదురు స్టీరింగ్ పట్టి ఉంచుతావు కదా, దానివల్ల.

కిల్ కార్డ్. ఇది చివర్లో రాద్దామనుకున్నా కానీ ఆగలేకపోతున్నా. ఆ ఎర్ర తాడు నీ కాలికి లేదు. స్టీరింగ్ పక్కన వేలాడుతోంది, ఫోటో పెద్దది చేసి చూశాను, నాన్న కూడా చూశారు. నువ్వు పడిపోతే ఇంజన్ ఆగాలంటే దాని ఒక కొస నీకు తగిలి ఉండాలి కదా. మనిషి లేని బోటు తిన్నగా పోదమ్మా, చాలాసార్లు స్టీరింగ్ ఒక పక్కకి తిరిగిపోయి గుండ్రంగా తిరుగుతూ పడిన మనిషి దగ్గరికే వస్తుంది. మోకాలి పైన కాలికి చుట్టి క్లిప్ పెట్టుకో, ఇంజన్ ఆన్ చేసేముందే. నెలకోసారి లాగి చూడు, నిజంగా ఆగుతోందో లేదో.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతా. నాన్న భుజం మెట్ల మీద జారిపడితే అలా అయిందని నీకు చెప్పాం కదా. మెట్లు కాదు.

అప్పుడు నీకు 4 ఏళ్లు. పొద్దున తెల్లదాంట్లో మొగ, అదే నది సముద్రంలో కలిసే చోటు, దాటి సముద్రంలోకి వెళ్లాం, ఎదురు అలలు, నాన్న ట్యాబులు దించి ముక్కుని కిందికి పట్టారు, అది సరైన పనే, ముక్కు అలని కోసుకుంటూ పోయింది, దెబ్బలు తగల్లేదు. మధ్యాహ్నానికి గాలి పెరిగింది, తిరుగు ప్రయాణంలో అలలు వెనక నుంచి వస్తున్నాయి. నేను నడుపుతా నేను నడుపుతా అని చాలా రోజులుగా అడుగుతున్నా కదా, ఆయన స్టీరింగ్ ఇచ్చారు, ఇచ్చి తాళ్లు సర్దుకుంటున్నారు. నువ్వు ముందు క్యాబిన్‌లో నా శాలువా కప్పుకుని నిద్రపోతున్నావు. దించిన ట్యాబుల్ని ఎత్తాలని నాకు తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. ఒక పెద్ద అల వెనక నుంచి మమ్మల్ని ఎత్తింది, బోటు అల ముఖం మీద నుంచి కిందికి జారింది, అసలే దిగి ఉన్న ముక్కు వెళ్లి ముందు అల వీపులో గుచ్చుకుంది. ముక్కు ఆగిపోయింది, వెనక మాత్రం ఆగలేదు, వెనక భాగం పక్కకి కొట్టుకుపోయి బోటు మొత్తం అలకి అడ్డం తిరగబోయింది. స్టీరింగ్ ఎంత తిప్పినా నా చేతిలో ఏమీ లేనట్టే ఉంది. నేను భయంతో థ్రాటిల్ మొత్తం లాగేశాను, అది రెండో తప్పు, వేగం పడిపోయేసరికి వెనక వస్తున్న అల వెనక గోడ దాటి లోపలికి వచ్చేసింది, చీలమండ దాకా నీళ్లు. నాన్న స్విచ్‌ల దగ్గరికి రాబోయి క్యాబిన్ తలుపు చట్రానికి కొట్టుకున్నారు, ఆ శబ్దం ఇప్పటికీ నాకు వినపడుతుంది. కుడి చెయ్యి లేవలేదు, ఎడమ చేత్తో ట్యాబులు ఎత్తేసి, నా చేతి మీదుగానే థ్రాటిల్ మళ్లీ ముందుకి తోసి, ఇంజన్‌ని కాస్త బయటికి ట్రిమ్ చేశారు. ముక్కు లేచింది. ముందు అల వీపు మీద కూర్చుని, దాని వేగంతోనే, దాన్ని దాటకుండా వెనకదానికి దొరక్కుండా మొగలోకి వచ్చాం. మొత్తం ఒక నిమిషం కూడా లేదేమో. నువ్వు లేచి తలుపులోంచి చూసి "వచ్చేశామా" అన్నావు.

అమ్మమ్మకి నెల రోజులు చెప్పలేదు. మెట్లన్నాం, ఆవిడ నమ్మినట్టే ఉంది. తర్వాత ఒకరోజు నా పక్కన కూర్చుని ఒకటే అడిగింది, "అప్పుడు పాప ఎక్కడుంది?" అని. తిట్టలేదు. ఆ నెల రోజులూ అమ్మమ్మకి ఫోన్ చేయాలంటే నాకు గొంతు పెగిలేది కాదు, అందుకే పొట్టి పొట్టి మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని.

అందుకే తలుపులో నలిగిందంటే నాకు మెట్లు గుర్తొచ్చాయి.

జెట్టీ దగ్గర అయిందా? అడుగుతున్నా అంతే. ఎందుకంటే క్యాబిన్ ఉన్న చిన్న బోటుకి గాలి చాలా పడుతుంది, మెల్లగా వస్తున్నప్పుడు గాలి ముందు ముక్కునే తోసేస్తుంది, చూస్తుండగానే జెట్టీ మీదికి వచ్చేస్తుంది, అప్పుడు ఎవరికైనా చెయ్యి అడ్డం పెట్టాలనే అనిపిస్తుంది. రెండు టన్నుల బోటుని చెయ్యి ఆపలేదు బంగారం. చెయ్యి పెట్టకు, కాలు పెట్టకు, ఫెండర్, అదే బోటు పక్కన వేలాడే గాలి బుడ్డి, అడ్డం పెట్టు, ఫెండర్ అందకపోతే గీత పడనీ, రెయిలింగ్ వంగనీ, అవి బాగుచేయించుకోవచ్చు.

గాలికైనా ప్రవాహానికైనా, రెంటిలో ఏది బలంగా ఉంటే దానికి ఎదురుగా రా, అదే నీకు బ్రేకు. అవుట్‌బోర్డ్‌కి గేర్‌లో ఉంటేనే స్టీరింగ్ బాగా పనిచేస్తుంది, న్యూట్రల్‌లో ఎంత తిప్పినా పెద్దగా లాభం లేదు, కాబట్టి ముందు స్టీరింగ్ తిప్పు, తర్వాత ఒక్క క్షణం గేర్ వెయ్, తీసెయ్. బోటు కారులాగా ముందు చక్రాలతో తిరగదు, వెనక భాగం బయటికి విసురుకుంటుంది, ఎడమకి తిప్పితే వెనక కుడికి పోతుంది, జెట్టీ నుంచి బయటికి వచ్చేటప్పుడు తగిలేది అందుకే. కుదరకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ రా. చూసేవాళ్లు చూడనీ. నాన్న ఒకసారి ఐదుసార్లు తిరిగి వచ్చారు, ఆరోసారి కట్టారు.

క్యాబిన్‌లో పడుకుంటున్నారా? కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, బ్యాటరీ చూశావా? వెనక టార్పాలిన్ మూసి, ముక్కు లేపుకుని మెల్లగా పోతుంటే ఇంజన్ పొగ వెనక నుంచి లోపలికే లాక్కుంటుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి వస్తే ఎండ వల్ల అనుకుంటారు. ముందు కిటికీ తెరిచి ఉంచు. పెట్రోలు మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. నీకు చలికి చెవి నొప్పి వస్తుంది, టోపీ పెట్టుకో.

ఇవన్నీ చెప్పి నిన్ను ఆపుదామని కాదు. తెల్లదాన్ని అమ్మేసిన రోజు నువ్వు తలుపేసుకుని ఏడ్చావు, అప్పుడే అనుకున్నా నువ్వు ఎప్పటికైనా ఒకటి కొంటావని. కొన్నావు, నాకు గర్వంగా ఉంది.

కట్టు కుడి చేతికా ఎడమ చేతికా? పిన్నికి గుర్తులేదంట. వేళ్లన్నీ కదులుతున్నాయా, ఎక్స్‌రే తీయించావా? బోటులో నీతో ఇంకెవరున్నారు, వాళ్లకేం కాలేదు కదా? ఎలా అయిందో ఏం జరిగిందో చెప్పు, తిట్టను, నాన్న కూడా ఏమీ అనరు, ఆయనే ఈ ఉత్తరం రాయమన్నది, పక్కనే కూర్చుని ట్యాబుల గురించి సరిగ్గా రాశానా లేదా అని రెండుసార్లు చదివించుకున్నారు.

రాత్రి ఎంత ఆలస్యమైనా పర్లేదు, ఫోన్ చెయ్, మెలకువగానే ఉంటాను. ఈసారి బోటెక్కినప్పుడు ఇంకో ఫోటో పంపు, ఎర్ర తాడు కాలికి కనపడేలా, రెండు చేతులూ కనపడేలా.

ముద్దులతో,
అమ్మ