మా అమ్మకు గూడబాతులను చూపించినవాళ్లకు

ఈ నాలుగు మాటలు రాయడానికి రెండు వారాలు పైనే పట్టింది. 2025 జనవరి 19, ఆదివారం నాడు సూళ్లూరుపేటలో, నేలపట్టులో, పులికాట్ సరస్సు ఒడ్డున మాకు సాయం చేసినవాళ్ల పేర్లు నాకు తెలియవు. ఆ హడావుడిలో అడగాలని కూడా తోచలేదు. వాళ్లలో ఒక్కరికైనా ఇది చేరితే చాలు.

మా అమ్మకు 74 ఏళ్లు. డిసెంబరు చివర్లో కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మోకాళ్ల నొప్పులు ఎప్పటినుంచో ఉన్నవే. కట్టు విప్పాక "ఏం చూడాలనుందమ్మా?" అని అడిగితే, గుడి పేరో మనవరాలి పేరో చెబుతుందనుకున్నాను. "నేలపట్టు చెరువు నిండా కొంగలుంటాయంట, ఒకసారి తీసుకుపో" అంది. ఆమె పుట్టి పెరిగింది చెరువు కింద వరి పండే ఊళ్లో. సూళ్లూరుపేటలో ఐదేళ్ల తర్వాత ఫ్లెమింగో ఫెస్టివల్ మళ్లీ పెడుతున్నారని, 18 నుంచి 20 దాకా మూడు రోజులని పేపర్లో వచ్చింది. కావలిలో పొద్దున్నే రైలెక్కాం. అమ్మ, నేను, నా కూతురు.

పక్షుల దగ్గరికి తీసుకెళ్లడానికి ఉచిత బస్సులు పెట్టారు. కానీ ఆదివారం కదా, ఒక్కో బస్సుకు రెండు బస్సుల జనం. అమ్మను ఆ తోపులాటలోకి ఎలా దించాలా అని నిలబడిపోతే, బ్యాడ్జీ పెట్టుకున్న ఒక కాలేజీ అమ్మాయి వచ్చి "అవ్వా, మీరు నాతో రండి" అని చెయ్యి పట్టుకుని ముందు తలుపు నుంచి ఎక్కించింది. మేం వెనక నుంచి ఎక్కేసరికి అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. అమ్మాయీ, నీకు మొదటి కృతజ్ఞత.

నేలపట్టులో బస్సు దిగాక చెరువు కట్ట దాకా నడవాలి. అమ్మ సగం దూరం వచ్చి చెట్టు కింద కూలబడింది. "మీరు పోయి చూసి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంది. ఆమె కోసమే వచ్చి, ఆమెను వదిలి ఎలా వెళ్తాం? అప్పుడే ఖాకీ బట్టల్లో ఉన్న ఫారెస్ట్ వాచర్ ఒకాయన అటుగా వచ్చాడు. సంగతి విని, "ఇంతదూరం వచ్చి చూడకుండా పోతారా పెద్దమ్మా?" అని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. ఇంకో కుర్రాడిని పిలిచి, ఇద్దరూ అమ్మను కుర్చీతో సహా ఎత్తి కట్ట మీదికి చేర్చారు. అంతటితో ఆగలేదు. స్టాండు మీద ఉన్న టెలిస్కోప్ నిలబడి చూసేవాళ్ల ఎత్తుకు పెట్టి ఉంది. దాని కాళ్లు కుదించి, కూర్చున్న మనిషి కంటికి సరిపోయేలా దించాడు. ఆపరేషన్ అయిన కంటితో చూడమని చెప్పి, ఆమెకు స్పష్టంగా కనబడేదాకా ఓపిగ్గా తిప్పుతూనే ఉన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు పిల్లలతో సహా ఒక్కమాట అనకుండా ఆగారు. వాళ్లకూ నా దండాలు.

నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లే గూళ్లు. ఒక గూట్లో గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి నోటి సంచిలోకి తల దూర్చి చేపలు తింటోంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా నాయన పొలానికి గూడ వేసేవాడు. దీని మూతి కింద సంచి అచ్చం ఆ గూడ లాగానే ఉంది" అంది. "మేం గూడబాతు అనేది అందుకే పెద్దమ్మా" అన్నాడు వాచర్. తాతను నేను చూడలేదు. ఆయన నీళ్లు తోడేవాడని ఆ రోజే తెలిసింది.

పక్కనే ఉన్న ఆ ఊరి పెద్దాయన అమ్మతో మాట కలిపాడు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే వరికి వేరే ఎరువు పెద్దగా అక్కర్లేదట. ప్రభుత్వం దీన్ని రక్షిత కేంద్రంగా చేసింది 1976లో. ఇవి మన ఇంటికి వచ్చే ఆడపిల్లలు అన్నట్టు చెప్పాడు ఆయన. పక్షులకు ఏ హానీ చేయకుండా ఇన్నేళ్లు కాపాడుకొస్తున్న నేలపట్టు ఊరివాళ్లకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

అక్కడి నుంచి అటకానితిప్ప వెళ్లాం. దిగిన పది నిమిషాలకు చూసుకుంటే చేతిసంచి లేదు. అమ్మ కంటి చుక్కల మందు, బీపీ మాత్రలు, నా పర్సు అన్నీ అందులోనే. నాకు టెన్షన్‌తో కాళ్లు ఆడలేదు. అక్కడున్న వాలంటీర్లు నాలుగు ఫోన్లు చేసి, బస్సును కనుక్కుని, "సంచి డ్రైవరన్న దగ్గర ఉందక్కా, తిరుగు ట్రిప్పులో వస్తుంది" అని చెప్పాకే నాకు ఊపిరాడింది. ముప్పావు గంటకు సంచి వచ్చింది, వేసిన ముడి వేసినట్టే.

ఆ ముప్పావు గంటా మాకు వరమే అయింది. దూరంగా పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా నిలబడి ఉన్నాయి. ఒక విద్యార్థి తన బైనాక్యులర్స్ నా కూతురి మెడలో వేశాడు. ఫ్లెమింగోలు తల తలకిందులు చేసి నీళ్లను ముక్కుతోనే ఎలా వడగడతాయో, తినే నాచు, చిన్న చిన్న రొయ్యల నుంచే ఆ రంగు వస్తుందని, పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటాయని విడమరిచి చెప్పాడు. ఇంటికొచ్చాక నా కూతురు రోజూ గులాబీ రంగు పెన్సిల్ అరగదీస్తోంది.

భీమునివారిపాళెంలో పడవ ఎక్కాలనుకున్నాం, పొద్దు చాల్లేదు. సాయంత్రం చెంగాళమ్మ గుడికి వెళ్లాం. రాత్రయినా తలుపులు మూయని గుడి అది. అమ్మ తొందరపడకుండా దణ్ణం పెట్టుకుంది. బయట పూలమ్మే ఆమె తన స్టూలు అమ్మకిచ్చి, రైలు టైమయ్యేదాకా తాను నిలబడే వ్యాపారం చేసింది.

పైసా టికెట్ లేకుండా ఈ పండగ జరిపిన అటవీ, పర్యాటక శాఖలవాళ్లకు, జిల్లా యంత్రాంగానికి, ఆ జనం వెనక చెత్త ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. ఒక్క విన్నపం. వచ్చేసారి నేలపట్టు దారిలో అక్కడక్కడా నాలుగు బెంచీలు వేయించండి. అమ్మలాంటివాళ్లు చాలామంది బస్సు దగ్గరే ఆగిపోవడం చూశాను.

జనవరి 29 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి నూరో రాకెట్ లేచింది. టీవీలో చూస్తూ అమ్మ, "ఆ మోతకు పక్కనున్న మన కొంగలు బెదిరిపోవూ? ఆ వాచరబ్బాయిని అడుగు" అంది. అన్నా, మీ నంబరు తీసుకోలేదు. ఇది మీ కంటబడితే ఆమెకు జవాబు చెప్పండి. రోజూ అడుగుతోంది.