అల్లూరి సంతకం కూడా తెర మీద కనిపించాలి సార్

రాష్ట్ర సాంస్కృతిక శాఖ అధికారి గారికి,

మన్యం పోరాటం మీద తీసే సినిమాలకు ప్రోత్సాహకం ఇచ్చేముందు ఒక్క మాట. తెల్లదొరలు ‘ఫితూరీ’ అని రాసుకున్న ఆ తిరుగుబాటు, గిరిజనుల పోడు సాగును (అడవి నరికి, కాల్చి చేసే సేద్యం) అడ్డుకున్న అడవి చట్టాల నుంచి, లంబసింగి రోడ్డు పనిలో ఎగ్గొట్టిన కూలి నుంచి పుట్టింది. తెర మీద మాత్రం స్లోమోషన్‌లో గుర్రాలే!

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌లో అల్లూరి ఆయుధాలు తీసుకుని, ఏమేం పట్టుకెళ్తున్నదీ రికార్డులో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఇంతకంటే మంచి సీన్ ఏ రచయితకు తడుతుంది?

అల్లూరితో కలిసి పోరాడిన గంటం దొర, మల్లు దొరలను హీరో వెనక నిలబెట్టి వదిలేయొద్దు. అండమాన్ జైలుకు వెళ్లొచ్చిన మల్లు దొర 1952లో విశాఖ ఎంపీ అయ్యాడు (ఇది మా ఇంట్లోనే ఎవరికీ తెలియదు). స్క్రిప్టును ముందుగా మన్యం పెద్దలకు చదివి వినిపించమని షరతు పెట్టండి.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు