మతిమరుపు వారాల్లో ముదిరితే స్కాన్ చీటీలో ఆ మాట రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మతిమరుపు మీద ఆరోగ్య పేజీల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు అల్జీమర్స్ దగ్గరే ఆగిపోతున్నాయి. రెండు నెలల కిందటి దాకా దుకాణం లెక్కలు చూసుకున్న మనిషి ఇంటివాళ్లనే పోల్చుకోలేకపోతున్నా, అడుగు తూలుతున్నా, చిన్న చప్పుడుకే ఒళ్లు ఎగిరిపడుతున్నా అది అల్జీమర్స్ తీరు కాదు. అక్కడ ప్రియాన్ జబ్బును (ప్రియాన్ అంటే మడత తప్పి మెదడును దెబ్బతీసే ప్రొటీన్), ముఖ్యంగా సీజేడీని, అంటే క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ డిసీజ్‌ను అనుమానించాలి. ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. ఎక్కువ కేసులకు తిండితో, మాంసంతో సంబంధమే లేదు.

దీన్ని పట్టిచ్చేది ఎమ్మారైలో డిఫ్యూజన్ సీక్వెన్స్, అంటే మెదడు కణజాలంలో నీటి కదలికను చూపే చిత్రాల వరస. టీ1, టీ2 అనే మామూలు ఎమ్మారై చిత్రాలు మొదట్లో బాగానే కనబడవచ్చు. డిఫ్యూజన్‌లో మాత్రం మెదడు పైపొర మడతల వెంట జరీ అంచులా తెల్లని గీత కనిపిస్తుంది, లేదా మెదడు లోపల కాడేట్, పుటామెన్ అనే భాగాలు తెల్లబడతాయి. ఒక పక్కే ఎక్కువగా ఉండవచ్చు. డిఫ్యూజన్‌తో పాటే వచ్చే జంట చిత్రం ఏడీసీ మ్యాప్‌లో అదే చోటు నల్లబడాలి. పైపొరలోనే ఇన్సులా, సింగులేట్ అనే భాగాలు మామూలు మనిషిలోనూ కాస్త తెల్లగానే ఉంటాయి, వాటినొక్కటే చూసి జబ్బు పేరు పెట్టకూడదు. మూర్ఛ వచ్చి తగ్గాకా, షుగర్ బాగా పడిపోయాకా ఇలాంటి గీతే రావచ్చు.

తప్పు ఎక్కువగా జరిగేది స్కాన్ చీటీ దగ్గర. 'మతిమరుపు' అని ఒక్క మాట రాసి పంపితే 'వయసు వల్ల మెదడు కుంచించుకుంది' అని రిపోర్టు వస్తుంది. ఎన్ని వారాల్లో ముదిరింది, ఒళ్లు ఎగిరిపడుతోందా, ఫిట్స్ వచ్చాయా అన్నవి చీటీలో ఉంటే చదివేవారి కన్ను పైపొర మీదకు వెళ్తుంది. రోగి కదులుతుంటాడు కాబట్టి నిమిషాల్లో అయిపోయే డిఫ్యూజన్ చిత్రాలను అన్నిటికంటే ముందు తీయడం మేలు. ఫిల్ము మీద ఏడీసీ చాలాసార్లు ఉండదు, సీడీ అడిగి తీసుకోవాలి.

సీజేడీకి మందు లేదు. ఎక్కువమంది ఏడాదిలోపే చనిపోతారు. అందుకే ఆ పేరు పెట్టేముందు నయమయ్యే జబ్బులను వెతకాలి. ఎల్‌జీఐ1 అనే మెదడు ప్రొటీన్ మీద ఒంట్లోనే తయారయ్యే యాంటీబాడీలతో వచ్చే మెదడువాపు దీనిలాగే మొదలై స్టెరాయిడ్లకు లొంగుతుంది. వెన్ను నీటిలో ప్రియాన్‌ను వెతికే ఆర్‌టీ-క్విక్ పరీక్ష అనుమానాన్ని చాలావరకు తీరుస్తుంది.

రోగిని ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే అంటదు. మెదడు ఆపరేషనో బయాప్సీయో అనుకుంటే మాత్రం అనుమానం సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. మామూలు ఆటోక్లేవ్ వేడికి ప్రియాన్ పూర్తిగా చావదు.

– ఒక న్యూరో రేడియాలజిస్టు, విశాఖపట్నం