రైలింజిన్ అమ్మాయి పుస్తకానికి చేయి కలిపినవాళ్లకు కృతజ్ఞతలు

గూడ్సు బళ్ల మీద, ఇంజిన్ డ్రైవరుకు (లోకో పైలట్) తోడుగా ఉండే అసిస్టెంట్ లోకో పైలట్‌గా పనిచేస్తున్న ఒక అమ్మాయి ఆత్మకథ అచ్చయింది. ఉద్యోగంలో ఉన్న మనిషి కాబట్టి కలం పేరుతో వేశాం. అందుకే సాయం చేసినవాళ్ల పేర్లూ ఇక్కడ రాయడం లేదు. ఎవరు ఏం చేశారో మాత్రం చెప్పి తీరాలి.

ముందుగా విశ్రాంత లోకో ఇన్‌స్పెక్టర్ గారికి దండం. పుస్తకానికి గుండెకాయ లాంటి అధ్యాయం ఒకటుంది. నడిరాత్రి గూడ్సులో బ్రేక్ పైపులో గాలి ప్రెషర్ 5 కేజీల నుంచి ఉన్నట్టుండి పడిపోతుంది. పెట్టెలు పట్టాలు తప్పి పక్క లైనుకు అడ్డం పడ్డాయేమో తెలియదు. లోకో పైలట్ ఎదురుబండికి ప్రమాదం తెలిపే ఫ్లాషర్ లైటు వేస్తాడు. ఈమె డిటొనేటర్లు (పట్టా మీద పెడితే చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయలు), ఎర్రలైటు పట్టుకుని పక్క లైను వెంట ఎదురు పరిగెడుతుంది. తనకు తెలిసిన పనే కదా అని, డిటొనేటర్లు పెట్టానని ఒక్క ముక్కలో రాసేసింది. ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకోలేదు. బండికి 600 మీటర్ల దూరంలో ఒకటి, ఆ తర్వాత 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి, అది రాయమ్మా అన్నారు. 1200 చేరేలోపే ఎదురుబండి వచ్చేస్తే దాన్ని హెచ్చరించేది దారిలో పెట్టిన ఆ ఒక్కటే. ఆ లెక్క చేరాక ధైర్యం గురించి రాసుకున్న పేరాలు ఆమే కొట్టేసింది. తన మీద తనకు నమ్మకం ఎలా కుదిరిందో ఆ పరుగులోనే తెలిసిపోతోంది.

అట్ట వెనక ‘తొలి మహిళ’ అన్న మాట తీయించిన లైబ్రేరియన్ మేడమ్‌కు ప్రత్యేకంగా. సెంట్రల్ రైల్వేలో సురేఖా యాదవ్ 1980ల చివర్లోనే ఇంజిన్ ఎక్కారు, 2011లో డెక్కన్ క్వీన్ నడిపారు. పుస్తకాలు అమ్ముడుపోవాలని చరిత్రను చెరిపేస్తే ఎలా?

చాలా ఇంజిన్లలో టాయిలెట్ ఉండదు. డ్యూటీ అయ్యేదాకా నీళ్లు మానేయడం, దానివల్ల వచ్చే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, చలిజ్వరం, ఇవన్నీ తీసేద్దామా అని రచయిత్రి తటపటాయిస్తుంటే, ఒక్క వాక్యం కూడా తీయొద్దని గట్టిగా చెప్పిన డాక్టరమ్మకు నమస్కారం. తొలి పేస్లిప్ ఉంచమన్నది ఒక డిగ్రీ విద్యార్థిని: మూలవేతనం 19,900, దానిపైన రన్నింగ్ అలవెన్సు. నిజమే, చదివే ఆడపిల్లలు ముందు వెతికేది ఆ పేజీనే.

ఈ ఉద్యోగానికి ఎంపిక ఎలా జరుగుతుందో చెప్పే చివరి అనుబంధం ఐటీఐ మాస్టారి చలవ. రెండు సీబీటీలు (కంప్యూటర్ మీద రాసే పరీక్షలు), ఆ తర్వాత ఆప్టిట్యూడ్ టెస్టు. ఆప్టిట్యూడ్‌లో ఒక్కో బ్యాటరీలోనూ (అందులోని ఒక్కో విడి పరీక్షలోనూ) 42 టి-స్కోరు (మిగతావాళ్లతో పోల్చి లెక్కకట్టే మార్కు) రావాలి, ఏ కేటగిరీకీ సడలింపు లేదు. తుది మెరిట్‌లో దాని వాటా 30 శాతం. అయితే మాస్టారు వీటన్నిటికంటే ముందు కంటిపరీక్ష పెట్టించారు. రైలింజిన్ నడిపేవాళ్లకు పెట్టే ఏ-1 మెడికల్‌కు కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి, చూపు సరిచేసే లేసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే పనికిరాదు. అన్నీ పాసై అక్కడ ఆగిపోవడం కంటే, కోచింగ్ ఫీజు కట్టకముందే కళ్లు చూపించుకోవడం మేలు.

ఇక డీటీపీ చేసిన అక్క. యూనికోడ్ ప్రతిని అచ్చుపనిలో వాడే పాత తరహా అను ఫాంట్లలోకి మారిస్తే, పొల్లు తర్వాత కంటికి కనబడకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) రాలిపోయి, ‘పైలట్‌కు’ కాస్తా ‘పైలట్కు’ అయి కూర్చుంటుంది. ఇంగ్లీషు మాటలు ఇన్ని ఉన్న పుస్తకంలో అవన్నీ ప్రూఫు చూసేవాళ్ల ప్రాణానికే. ఆమె కన్వర్టర్ జోలికి పోకుండా ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తోనే పేజీలు కట్టింది. పైగా 180 పేజీలు వచ్చిన దాన్ని అక్షరం సైజు తగ్గించకుండా, అధ్యాయాల చివర మిగిలిన ఖాళీలు సర్ది 176కు తెచ్చింది. డెమీ సైజులో పదహారేసి పేజీల ఫారాలు (ఒక్కోసారి అచ్చేసి మడిచే కాగితాలు) సరిగ్గా 11. నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం తిప్పే ఖర్చు తప్పింది.

మిగిలిన ఆ డబ్బుతోనే ఫారాలు కుట్టించి బైండు చేయించగలిగాం. ఉత్త జిగురుతో అంటించిన పుస్తకాన్ని జిరాక్సు కోసం రెండుసార్లు విప్పి నొక్కితే పేజీలు ఊడొస్తాయి. ఈ అనుబంధాన్ని పిల్లలు జిరాక్సు తీసుకుంటారని తెలిసి కుట్టాల్సిందేనని పట్టుబట్టిన బైండింగ్ తాతగారికి ఎంత చెప్పినా తక్కువే.

నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా అనుబంధంలో అంకెలు సరిచూడాలి. రెండో ముద్రణలోపు తప్పులు దొరికితే పేజీ నంబరుతో సహా రాసి పంపండి.