పిల్లలు కంచం మీద దరువేస్తుంటే తిట్టకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, ఫీజుల సంగతి రెండో పేజీలో చూసుకోండి, ఈ పేజీ మాత్రం ఒక ఫిర్యాదుకి జవాబు. ఎనిమిదో తరగతి పిల్లలు అన్నం తింటూ కూడా కంచం మీద టకటకమని కొడుతున్నారు, ఇదేం చదువండీ అని మీలో నలుగురైదుగురు ఫోన్ చేశారు. చదువేనండీ. వార్షికోత్సవానికి 'టేక్ ఫైవ్' అనే జాజ్ ట్యూన్ నేర్చుకుంటున్నారు, ఆ దరువే అది.

మనం రోజూ వినే పాటల్లో లెక్క ఎక్కువగా నాలుగుకో మూడుకో తిరుగుతుంది. ఇది ఐదుకి. ఒకటి రెండు మూడు, ఒకటి రెండు. కర్ణాటక సంగీతంలో ఐదు లెక్కకి తిరిగే ఖండచాపు తాళం తెలిసినవాళ్ళకి ఐదు కొత్తేం కాదు, కాకపోతే అందులో తక (రెండు) ముందు, తకిట (మూడు) తర్వాత, ఇక్కడ తకిట ముందొస్తుంది. అంతే తేడా అనుకున్నాం గానీ, మృదంగం నేర్చుకుంటున్న పిల్లలే ఎక్కువ తడబడుతున్నారు, చెయ్యి అలవాటైన దారిలోకే పోతోంది. (స్టాఫ్‌రూమ్‌లో నేనూ ప్రయత్నించాను. ఎవరికీ చెప్పొద్దని టీచర్లని బతిమాలుకుని, ఇప్పుడు నేనే చెప్పేస్తున్నాను.)

దీన్ని కట్టింది శాక్సోఫోన్ వాయించే పాల్ డెస్మండ్, వాయించింది డేవ్ బ్రూబెక్ బృందం. 1959 జూన్ చివర్లో న్యూయార్క్ స్టూడియోలో రికార్డింగుకి కూర్చుంటే, చెయ్యి తిరిగిన ఆ నలుగురిలో ఎవరో ఒకరు లెక్క తప్పుతూ ఇరవైకి పైగా టేకులు పోయాయట, ఇక ఆ రోజుకి దాన్ని వదిలేశారు. జులై 1న మళ్ళీ వస్తే రెండు టేకుల్లో అయిపోయింది. మావాళ్ళు ప్రాక్టీసు మొదలుపెట్టి మూడు వారాలే, "నీకిది రాదులే" అని మీరు అప్పుడే అనేస్తే ఎలా?

ఇంకో తమాషా ఏంటంటే, ఆ బృందంలోని జో మొరెల్లో డ్రమ్స్ మీద చెలరేగిపోతున్నప్పుడు కూడా బ్రూబెక్ పియానో మీద అదే చిన్న ముక్కని ఆపకుండా తిప్పుతుంటాడు, లెక్క పోకుండా పట్టుకునేది అదే. మన దగ్గర ఆ పని కీబోర్డు అమ్మాయిది. బోర్ కొడుతోంది మేడం అని మంగళవారం మధ్యలో ఆపేసింది, అంతే, మిగతా పదకొండు మందీ తలో దిక్కు. అప్పట్నుంచి అడక్కుండానే వాయిస్తోంది.

స్టీలు కంచం మోతకి తలనొప్పి వస్తుందంటే ఓ ఖాళీ అట్టపెట్టె ఇవ్వండి. శనివారాలు ప్రాక్టీసు నాలుగున్నర దాకా ఉంటుంది, బస్సు ఉండదు, మీరే వచ్చి తీసుకెళ్ళాలి.

మీ హెడ్‌మిస్ట్రెస్