పాకుడుతో పాటు అక్షరాలూ పోతున్నాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

కార్తీకం దగ్గర పడుతోందంటే మా గోదావరి జిల్లాల్లో గుళ్ళన్నిటికీ కడగడాలు, సున్నాలు, రంగులు మొదలవుతాయి. పంచారామాల బస్సులు వస్తాయి, గుడి కళకళలాడాలని అందరికీ ఉంటుంది. తప్పు లేదు. కానీ ఆ హడావిడిలో పాత రాళ్ళకి ఏం జరుగుతోందో ఎవరూ చూడటం లేదు, అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట మా పక్క ఊరి శివాలయంలో మండపం స్తంభాన్ని యాసిడ్ పోసి వైరు బ్రష్‌తో తోమారు. నల్లగా పాకుడు పట్టిన స్తంభం అది. చిన్నప్పుడు మా తాతగారు దాని మీద అక్షరాలు వేలు పెట్టి చూపించేవారు, తెలుగే అనేవారు గానీ మాకు ఒక్క ముక్క కూడా చదవడం వచ్చేది కాదు. తోమాక స్తంభం తెల్లగా వచ్చింది, అక్షరాలు సగం పోయాయి. చేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారండీ, చందాలు వేసుకుని ఎండలో నిలబడి సొంత చేతులతో చేసినవాళ్ళు. రాయిని ఎలా కడగాలో చెప్పే మనిషే వాళ్ళకి దొరకలేదు.

మన డెల్టాలో నేల ఎప్పుడూ తడే. చుట్టూ కాలవలు, వరిచేలు, పైన వానలు. కింది తడిని రాయి పీల్చుకుంటుంది, ఆ తడితో పాటు ఉప్పు కూడా పైకి వస్తుంది, ఎండకి ఆరాక ఆ ఉప్పు గట్టిపడి రాతి పైపొరని పెచ్చులుగా ఊడగొడుతుంది. పాకుడూ నాచూ తడిని పట్టి ఉంచుతాయి. బూడిదరంగు మచ్చల్లా కనిపించే లైకెన్లు ఆమ్లం వదిలి రాయిని మెల్లగా తింటాయి. పక్షి రెట్టలో వచ్చిన రావి విత్తనం రాళ్ళ సందులో మొలిస్తే కొన్నేళ్ళకి గోడే విడిపోతుంది. ఇవన్నీ నిజమే, తీయాల్సిందే. కానీ యాసిడ్ పోస్తే పాకుడుతో పాటు రాళ్ళ మధ్య సున్నమూ కరుగుతుంది, రాతి రంధ్రాల్లో కొత్త ఉప్పు చేరుతుంది. పైన ఎనామిల్ పెయింట్ వేస్తే లోపలి తడికి దారి లేక అక్కడే మగ్గుతుంది. పగుళ్ళలో సిమెంటు కూరితే పాత రాయి కన్నా అదే గట్టిగా ఉండి పక్క రాయిని పగలగొడుతుంది. అక్కడ వాడాల్సింది సున్నం, ఇసుక కలిపిన పాతకాలపు గచ్చు.

పద్ధతి తెలిసినవాళ్ళు ముందు ఒక మూల చిన్న జాగాలో చేసి చూస్తారు. మెత్తటి నైలాన్ బ్రష్, మంచినీళ్ళు, అవసరమైతే బాగా పల్చన చేసిన అమ్మోనియా, ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ కడగడం. రావిమొక్కని పట్టుకుని పీకరు, పీకితే వేరుతో పాటు రాయీ వస్తుంది. మొదలు నరికి, ఆ కోతకి మందు పెట్టి, వేరు చచ్చాక తీసి సందు పూడుస్తారు.

ఇక పేర్లు చెక్కేవాళ్ళ సంగతి. మేకుతో చెక్కిన పేరుని ఏ రసాయనమూ చెరపలేదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2010లో సవరించిన కేంద్ర చట్టంలోనే ఉంది. బిక్కవోలు, సామర్లకోట లాంటి చోట్లకి వచ్చే పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు? స్తంభాలకి ఆనించి దీపాలు పెట్టకండని కూడా చెప్పాలి, ఆ నూనె మరకా మసీ అంత తేలిగ్గా పోవు.

ద్రాక్షారామంలో వందల శాసనాలున్నాయి. అఖండ దీపానికి ఎవరు ఎన్ని గొర్రెలిచ్చారో కూడా ఈరోజు చదవగలుగుతున్నామంటే, పురావస్తు శాఖ వాళ్ళు ఎప్పుడో తడి కాగితాన్ని రాతికి అద్ది, సిరా పూసి, ఆ అక్షరాల అచ్చులు తీసి ప్రచురించబట్టే. చిన్న ఊళ్ళ గుళ్ళన్నిటికీ ఆ అదృష్టం లేదు. కాబట్టి దేవాదాయ శాఖ, పురావస్తు శాఖ కలిసి కార్తీకానికి ముందే గుడి కమిటీలకి ఒక్క రోజు శిక్షణ పెట్టాలి. ఫోటోలు, అచ్చులు తీయకుండా పాత రాయి మీద చెయ్యి వేయొద్దని గట్టిగా చెప్పాలి.

నేను చెప్పిన గుడిలో ఇంకో స్తంభం ఉంది. దాన్నింకా తోమలేదు, అక్షరాలు కనిపిస్తున్నాయి. ఈ ఏడు చందాలు అప్పుడే మొదలయ్యాయి. ఈలోపే ఎవరైనా వచ్చి దాని అచ్చు తీసుకోవాలి.

– ఒక పాఠకుడు, రామచంద్రపురం దగ్గరి నుంచి