రేపటి రాస్తారోకో: కాలనీవాసులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

ఉల్లికి గిట్టుబాటు ధర కల్పించాలని కోరుతూ రైతులు రేపు ఉదయం 10 గంటల నుంచి కర్నూలు మార్కెట్ యార్డు ఎదుట రాస్తారోకో చేయనున్నారు. ఆ దారిన వెళ్లే బస్సులు, ఆటోలు మధ్యాహ్నం దాకా నిలిచిపోయే అవకాశం ఉన్నందున, ఆసుపత్రికి, ఆఫీసుకు వెళ్లవలసినవారు 9 గంటలలోపే బయలుదేరండి. బడిపిల్లల తల్లిదండ్రులు ఈ రాత్రికే ఆటో డ్రైవర్లతో మాట్లాడి, పిల్లలను ఏ దారిన తీసుకువస్తారో తెలుసుకోండి. పెద్దల మందులు ఈ రోజే తెచ్చిపెట్టుకోండి.

వానకు తడిసిన ఉల్లిగడ్డ కొద్ది రోజుల్లోనే మెత్తబడి కుళ్లిపోతుంది కనుక, యార్డుకు తెచ్చిన సరుకును ధర రాలేదని వెనక్కి తీసుకువెళ్లి దాచుకునే వీలు రైతుకు ఉండదు; కోత కూలి, గోనెసంచుల ఖర్చు, లారీ బాడుగ మాత్రం కట్టి తీరవలసిందే. 2025లో ధర పడిపోయి, ప్రభుత్వమే క్వింటాలుకు 1,200 రూపాయల చొప్పున కొనవలసి వచ్చిన సంగతి మీకు తెలిసినదే. కాబట్టి దారిలో ఆగిపోయినా ఎవరూ హారన్లు మోగించవద్దని, రైతులతో వాదనకు దిగవద్దని నా విన్నపం.

అత్యవసరమైతే వెంటనే 108కి ఫోన్ చేసి, ఈ గ్రూపులోనూ తెలియజేయండి. యార్డు దగ్గరికి మంచినీటి క్యాన్లు పంపదలచినవారు మరచిపోకుండా ఈ రాత్రి 8 గంటలలోపు పేరు ఇవ్వండి.